బాగె ఆమ్ అందరిదిగానే ఉండాలి

హైదరాబాదు నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ అని మనం పిలుచుకునే తోటకు ఉర్దూలో బాగె ఆమ్ అని పేరు. తెలుగు లిపిలో ఈ పేరు చదివినవారు మామిడి తోట కాబోలు అనుకుంటారు. ఉర్దూలో మామిడి పండునూ ఆమ్ అనే అంటారు మరి. కాని మామిడి పండు ఆమ్ అలిఫ్‌తో మొదలవుతుంది, ఈ తోట ఆమ్ ఐన్‌తో మొదలవుతుంది. చెవికి రెండూ ఒకటే, అర్థానికి వేరు. ఐన్‌తో రాసే ఆమ్ అంటే సామాన్యులది, అందరిదీ అని. దీవానె ఆమ్ అన్నప్పుడు వినిపించే మాట ఇదే. పంతొమ్మిదో శతాబ్దంలో, నిజాం పాలకుల కాలంలో, రాజు మాటే చట్టమైన రోజుల్లో వేసిన తోటకు ఈ పేరు దక్కింది. రాజభవనాల తోటల్లో అడుగు పెట్టలేని మనిషి ఈ తోటలోకి రావచ్చునని ఆ ఒక్క మాట చెబుతోంది. ప్రజాస్వామ్యం వచ్చి ఇన్నేళ్ళయిన తరువాత ఆ మాట విలువను మనం కాపాడుతున్నామా, పోగొడుతున్నామా అన్నదే ఈ వారం మేము పాఠకుల ముందు పెట్టదలచిన ప్రశ్న.

మంగళగిరిలో ఉండి హైదరాబాదు తోట సంగతి మీకెందుకని కొందరు అడగవచ్చు. 1956 నుండి 2014 దాకా ఆ నగరం మన ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని. మనం ఓటు వేసి పంపిన శాసనసభ్యులు కూర్చున్నది ఆ తోట స్థలంలోనే. ఆ రోజుల్లో హజ్ యాత్రికులను సాగనంపటానికి నాంపల్లి హజ్ హౌస్‌కు వెళ్ళిన గుంటూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు, దగ్గరలోనే ఉన్న ఆ చెట్ల నీడ కొత్త కాదు. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. 2017 నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభ మన పొరుగున ఉన్న వెలగపూడిలో సమావేశమవుతోంది. అమరావతి పేరుతో ఒక కొత్త నగరం మన ప్రక్కనే లేస్తోంది. పాత రాజధానిలో ఒక తోటకు ఏమి జరిగిందో తెలుసుకోకపోతే, కొత్త రాజధానిలోనూ అదే జరుగుతుంది.

మన ప్రాంతం నుండి బస్సులో హైదరాబాదు వెళ్ళేవారు దిగే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను చాలామంది ఇప్పటికీ ఇమ్లీబన్ అంటారు. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. చింతతోపు అన్నమాట. అక్కడ దిగినవారికి బస్సులు కనిపిస్తాయి, దుకాణాలు కనిపిస్తాయి, తోపు మాత్రం కనిపించదు. బషీర్‌బాగ్, జాంబాగ్, కుందన్‌బాగ్, మూసారాంబాగ్, బాగ్ లింగంపల్లి - ఎన్ని పేర్లలో బాగ్ ఉందో చూడండి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు తవెర్నియే, తెవెనో అయితే ఆ నగరం పేరునే బాగ్‌నగర్ అని రాసుకున్నారు. ఈ పేటల్లో చాలా చోట్ల పేరు బోర్డు మీద మిగిలింది, తోట నేల మీద మిగలలేదు.

బాగె ఆమ్ అలా మాయం కాలేదు, సంతోషమే. చెట్లున్నాయి, ఉదయం నడకకు వచ్చేవారున్నారు. అయితే ఆ తోట నేల ఎలా తగ్గుతూ వచ్చిందో ఒకసారి వరుసగా చూద్దాం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యవ జన్మదినం గుర్తుగా పౌరులు చందాలు వేసుకుని ఒక టౌన్ హాలు కట్టదలచారు. 1905లో శంకుస్థాపన జరిగింది, 1913లో కట్టడం పూర్తయింది. తరువాతి కాలంలో శాసనసభకు నెలవైన తెల్లని పాలరాతి భవనం అదే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1924లో షాహీ మసీదు వెలిసింది. పురావస్తు ప్రదర్శనశాల వచ్చింది. ఈజిప్టు మమ్మీని చూడటానికి పిల్లలు వరుసలు కట్టేది అక్కడే. 1937లో ఏడవ నిజాం రజతోత్సవానికి వేదికైన జూబిలీ హాలు ఉంది. స్వాతంత్ర్యం తరువాత ఆరోగ్య ప్రదర్శనశాల, జవహర్ బాలభవన్, లలిత కళాతోరణం, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, ఉద్యాన శాఖ కార్యాలయం వచ్చాయి. శాసనసభ పాత భవనం ప్రక్కన కొత్త సభా భవనం లేచింది. 1985లో నెలకొన్న తెలుగు విశ్వవిద్యాలయం చిరునామా కూడా పబ్లిక్ గార్డెన్సేగా ఉండేది. 2019లో తెలంగాణ అవతరణ దినోత్సవ వేడుకలనూ ఇక్కడికి తెచ్చారు. వేడుక అంటే వేదికలు, షామియానాలు, వాహనాలు, బందోబస్తు. ఇవన్నీ పచ్చిక మీదే కదా నిలబడాలి!

ఈ జాబితాలో చెడ్డది ఒక్కటైనా ఉందా? మా కంటికి ఒక్కటీ కనిపించటం లేదు. మసీదు మంచిది. ప్రదర్శనశాల మంచిది. బాలభవన్ మంచిది. భాష కోసం విశ్వవిద్యాలయం మంచిది. శాసనసభ లేనిదే ప్రజాస్వామ్యమే లేదు. మేము చెప్పేది సరిగ్గా ఇదే. ప్రజల తోటను ఎవరూ ఒక్క రోజులో గొడ్డలి పట్టుకుని నరికివేయరు. అలా చేస్తే ఊరు ఊరంతా తిరగబడుతుంది. తోట మంచి పనుల చేతిలోనే పోతుంది. ఒక్కొక్క మంచి పనీ వచ్చి, కొంచెం చోటు చాలునంటుంది. ఖాళీగా ఉన్నది గనక ఇస్తారు. తోటలో ఖాళీ స్థలం అంటే పనికిరాని స్థలమని మన మనసుల్లో ఎలాగో పాతుకుపోయింది. చెట్టు వేళ్ళు ఊపిరి పీల్చుకునే చోటూ, వాన నీరు ఇంకే చోటూ, పిల్లవాడు పరుగెత్తే చోటూ ఆ ఖాళీయే. గోడ కట్టని చోటల్లా ఖాళీయే అనుకుంటే, పంట వేసిన పొలం కూడా ఖాళీయే కదా!

ఇక్కడికి వచ్చినవన్నీ ఇక్కడే ఉండిపోవాలని నియమం ఏమీ లేదు. దానికి ఈ తోట చరిత్రలోనే సాక్ష్యం ఉంది. ఒకప్పుడు హైదరాబాదు జంతు ప్రదర్శనశాల బాగె ఆమ్‌లోనే ఉండేది. జంతువులకు ఆ చోటు చాలదని గ్రహించి, మీర్ ఆలం చెరువు ప్రక్కన సుమారు 380 ఎకరాలలో నెహ్రూ జూ పార్కు ఏర్పాటు చేశారు. 1963 అక్టోబరులో అది ప్రజలకు తెరుచుకుంది. జంతువులకూ మేలు జరిగింది, తోటకూ భారం తగ్గింది. పులికి విశాలమైన చోటు చూపించగలిగిన ప్రభుత్వాలు, బల్లలూ ఫైళ్ళూ ఉన్న కార్యాలయాలకు మరో చోటు చూపించలేవా?

ఇక చెట్ల సంగతి. ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటుతామన్న హామీ ఈ రోజుల్లో తరచు వినిపిస్తోంది. లెక్కల్లో పది ఒకటి కంటే పెద్దదే. నీడ విషయంలో ఆ లెక్క పనికిరాదు. నూరేళ్ళ చెట్టు కింద ఈ మధ్యాహ్నమే యాభై మంది కూర్చోవచ్చు. ఈ రోజు నాటిన పది మొక్కల కింద ఒక పిల్లి కూడా కూర్చోలేదు. వాటిలో ఎన్ని రెండో వేసవిని చూస్తాయో నీరు పోసేవాడికి తెలియాలి, లేదా ఆ దైవానికి తెలియాలి. పెద్ద చెట్టును డబ్బు పెట్టి కొనలేము. అది కాలం ఇచ్చిన వస్తువు. కాలాన్ని ఏ టెండరూ సరఫరా చేయలేదు.

ముసలి చెట్టు విలువ ఏమిటో హైదరాబాదుకు ఒక చింతచెట్టు చెప్పింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర నది ఒడ్డున అఫ్జల్ పార్కు ఉండేది. ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తి వచ్చినవారు అక్కడి చింతచెట్టు ఎక్కారు. సుమారు 150 మంది ఆ కొమ్మల మీదే ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి ఉంది. ఉర్దూ రుబాయీలకు పేరుగాంచిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ, భార్యనూ, కుమార్తెనూ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. ఉర్దూ చదివిన ఇళ్ళలో ఆయన దుఃఖం అందరికీ తెలిసిందే. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. జలాశయాలు కట్టటానికి ఏళ్ళు పట్టాయి. ఆ రాత్రి మనుషుల్ని ఎత్తుకుని నిలబడింది మాత్రం ఎప్పుడో ఎవరో నాటిన చెట్టు. నాటిన మనిషి పేరు చరిత్రలో లేదు. అతని నీడలో బ్రతికినవారి మనుమలూ మునిమనుమలూ ఈ రోజు ఆ నగరంలో తిరుగుతూ ఉండవచ్చు.

పాత చెట్లు కూలిపోతాయి, ప్రమాదం గనక ముందే కొట్టివేస్తామని అధికారులు చెప్పటం కద్దు. చెట్లకు జబ్బులు రావటం నిజమే. జబ్బు చేస్తే వైద్యం చేస్తారు గాని గోరీ తవ్వరు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సంగతి చూడండి. ఎకరాల మేర ఊడలు దించుకున్న ఆ మహావృక్షం నీడలో ఒక దర్గా కూడా ఉంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగింది. చెదలు తొలుస్తున్నట్టు తేలింది. అధికారులు దానిని కొట్టివేయలేదు. సందర్శకులను ఆపారు, వాలిన కొమ్మలకు ఆసరాగా దిమ్మెలు కట్టారు, రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వ్రేలాడదీసి చెట్టుకు చుక్క చుక్కగా మందు ఎక్కించారు. మరి నగరాల నడిబొడ్డున ఉన్న చెట్లకు మనం చేస్తున్నదేమిటి? మొదలు చుట్టూ సిమెంటు పోసి నీటికీ గాలికీ దారి మూసివేస్తాము. మేకులు కొట్టి బోర్డులు తగిలిస్తాము. రాలిన ఆకులు ఊడ్చి మొదట్లోనే పోగు చేసి నిప్పు పెడతాము. చెట్టు ఎండిపోయిన తరువాత, చూశారా, ముసలిదైపోయింది అంటాము.

నగరం పెరుగుతున్నప్పుడు రోడ్లూ ఆసుపత్రులూ కావద్దా, తోటలు ఉన్నవారి విలాసం కదా అనే వాదన ఒకటి ఉంది. ఈ వాదనకు సుప్రీంకోర్టు 1991లోనే సమాధానం చెప్పింది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన ఒక స్థలాన్ని ఒక ట్రస్టుకు ప్రైవేటు నర్సింగ్ హోం కట్టుకోవటానికి ఇచ్చారు. ఆ పేటవాసులు కోర్టుకు వెళ్ళారు. ఆసుపత్రి కూడా ప్రజలకు ఉపయోగమే కదా అని ట్రస్టు వాదించింది. ప్రజల పార్కుకు ఉంచిన చోటును అలా మార్చటానికి వీలులేదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక మంచి పని మరొక మంచి పనిని మింగరాదన్నదే ఆ తీర్పు సారాంశమని మేము అర్థం చేసుకున్నాము.

అదే బెంగళూరులో లాల్‌బాగ్ ఉంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టగా, టిప్పు సుల్తాన్ దూరదేశాల నుండి మొక్కలు తెప్పించి పెంచిన తోట అది. సుమారు 240 ఎకరాలతో నేటికీ ఆ నగరానికి ఊపిరిగా ఉంది. అది నిలిచింది ఊరికే కాదు. 1975లో కర్ణాటక ప్రభుత్వం తన ఉద్యానవనాల పరిరక్షణకు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 2025లో సొరంగ రహదారి కోసం లాల్‌బాగ్ స్థలంలో కొంత తీసుకోవాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడి ప్రజలు వీధుల్లోకి వచ్చి వద్దన్నారు. ఆ నగరంలో లక్షలాది తెలుగువారున్నారు, ఉర్దూ మాట్లాడేవారున్నారు, కన్నడిగులున్నారు. తోట గేటు దగ్గర ఎవరూ ఎవరి భాషా అడగలేదు. చట్టం ఒక్కటే తోటను కాపాడదు, జనం ఒక్కరే కాపాడలేరు. రెండూ కలిస్తేనే నిలబడుతుంది.

తోట ఉన్నవారి విలాసం అన్న మాటను మాత్రం మేము అంగీకరించలేము. ఉన్నవారికి ఇంటి ముందు పచ్చిక ఉంటుంది, గదిలో ఏసీ ఉంటుంది, వేసవికి ఊటీ ఉంటుంది. మగ్గం గుంతలోనే రోజంతా గడిపే నేతపనివారికీ, మిర్చి యార్డులో బస్తాలు మోసి ఆ ఘాటుకు దగ్గే హమాలీకీ, రెండు గదుల అద్దె ఇంట్లో ఆరుగురు పిల్లలతో నెట్టుకొచ్చే తల్లికీ పెరడు ఎక్కడుంది? ఎండలకు మారుపేరైన రెంటచింతల మన ప్రాంతంలోనిదే. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళ రేకులు ఎలా కాలుతాయో చెప్పనక్కరలేదు. ఇటువంటి వారికి పైసా ఖర్చు లేకుండా దొరికే పెరడు ప్రజల తోట. మన ఆడపడుచులు నలుగురూ కలిసి భయం లేకుండా నడవగల చోటు, పెద్దవాళ్ళు అసర్ నమాజు తరువాత కాసేపు కూర్చోగల చోటు కూడా అదే. తోట తగ్గిన ప్రతి గజమూ పేదవాడి ఇంటి నుండి తగ్గినట్టే.

ఇంతవరకు ప్రభుత్వాల గురించి మాట్లాడాము. ఇప్పుడు మన గురించి కూడా మాట్లాడుకోవాలి. పట్టణాలలో లేఔట్లు వేసినప్పుడు 10 శాతం స్థలం అందరి కోసం వదలాలని నిబంధన ఉంది. ఆ స్థలం కంచె లేకుండా కనిపించగానే ప్రతి వర్గం వారి కన్నూ దాని మీదే పడుతుంది. ఒకరు గుడి అంటారు, ఒకరు చర్చి అంటారు, మనవారూ వెనుకబడరు. అందరి స్థలంలో ఒకరి ప్రార్థనా మందిరం కట్టటం ఎవరు చేసినా తప్పే, మనం చేసినా తప్పే. మదీనాలో ప్రవక్త (సల్లం) మసీదు కోసం ఎంచుకున్న స్థలం ఇద్దరు అనాథ బాలలది. ఉచితంగా ఇస్తామన్నా ఆయన అంగీకరించక వెల చెల్లించారు. ఇతరుల హక్కును కబ్జా చేసిన నేల మీద నమాజును మన ఉలమాలు మక్రూహ్‌గా ఎంచారు. పార్కు స్థలం అంటే ఒక ఊరి పిల్లలందరి ఉమ్మడి ఆస్తి. దానికి వెల కట్టి ఎవరికి చెల్లిస్తాము?

జనం నడిచే దారినీ, జనం కూర్చునే నీడనూ మలినం చేయటం శాపాన్ని కొనితెచ్చుకోవటమేనని ప్రవక్త మహనీయులు హెచ్చరించారు. నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది సదఖా అవుతుందని కూడా ఆయనే చెప్పారు. ఈ రెండు మాటలు మనకు చిన్నప్పటి నుండి కంఠోపాఠమే. అయినా పండగ మరునాడు ఏ పార్కుకైనా వెళ్ళి చూడండి. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు ఎవరివో వేరే చెప్పాలా? తోట మాది అని గొంతెత్తే హక్కు, తోటను శుభ్రంగా వదిలి వచ్చేవారికే ఉంటుంది.

మేము కోరేవి పెద్ద కోరికలేమీ కావు. బాగె ఆమ్‌కు సరిహద్దులు గీసి, ఇకపై దానిలో ఏ కొత్త కట్టడమూ, ఎంత మంచి పేరుతోనైనా సరే, రాకుండా తెలంగాణ ప్రభుత్వం చట్టపరమైన కట్టుబాటు చేయాలి. చరిత్ర గల భవనాలను అలాగే కాపాడుతూ, మామూలు కార్యాలయాలను మెల్లగా బయటికి తరలించాలి. పాత చెట్లన్నిటినీ లెక్కించి, నంబర్లు వేసి, ప్రతి చెట్టుకూ తెలుగులో, ఉర్దూలో పేరు రాసి పెట్టాలి. పేరు తెలిసిన చెట్టును కొట్టటానికి మనిషి కాస్త వెనుకాడతాడు.

మన అమరావతి విషయానికి వస్తే, రైతులు 33,000 ఎకరాలకు పైగా భూమిని సమీకరణలో ఇచ్చారు. 2015లో శంకుస్థాపన జరిగింది, మధ్యలో ఆగిన పనులు 2025 మేలో తిరిగి మొదలయ్యాయి. శాఖమూరు వద్ద పెద్ద ఉద్యానవనానికి ప్రణాళిక ఉంది. ప్రణాళికలో పచ్చరంగు వేయటం సులభం. ఆ పచ్చరంగు మీద రేపు ఏ భవనమూ లేవదని ఈ రోజే చట్టంలో రాయించుకోవాలి. భవనాలు పూర్తయ్యాక మిగిలిన చోట మొక్కలు నాటటం కాదు, మొక్కలే ముందు నాటాలి. భవనం మూడేళ్ళలో లేస్తుంది, మర్రిచెట్టుకు ముప్పయ్యేళ్ళు కావాలి. ఆలస్యం అయ్యేదాన్నే ముందు మొదలుపెట్టటం తెలివైన పద్ధతి.

ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా మన చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. మన ఈద్గాలు ఏడాదికి రెండుసార్లు నిండుతాయి, మిగతా రోజులన్నీ ఎండకు ఎండుతూ పడి ఉంటాయి. ఖబ్రస్తాన్ల అంచుల వెంట ముళ్ళకంప పెరుగుతోంది. నమాజు వరుసలకూ, సమాధులకూ అడ్డు రాకుండా ప్రహరీ వెంట వేప, కానుగ, చింత నాటితే పదేళ్ళలో నీడ వస్తుంది. నీరు ఎక్కడిదంటారా? ప్రతి మసీదులో రోజుకు ఐదుసార్లు వుజూ నీరు మురుగు కాలువలోకి పోతోంది. సబ్బు కలవని ఆ నీటిని ఒక చిన్న కాలువ తవ్వి చెట్ల పాదులకు మళ్ళించటానికి మేస్త్రీకి ఒక పూట పని. మంగళగిరిలోనూ, గుంటూరులోనూ, ఒంగోలులోనూ మసీదు కమిటీలు ఈ వానాకాలం రాకముందే ఆ ఒక్క పూట పని చేయించాలని మేము కోరుతున్నాము. అలా పెరిగిన నీడలో కూర్చోవటానికి దారిన పోయే ఎవరు వచ్చినా, ఏ మతం వారైనా, గేటు తీసే ఉంచండి. ఐన్‌తో రాసే ఆమ్‌కు అర్థం అదే.